వారాల్లో మనిషి మారిపోతుంటే: బెంగళూరులోని ఈ మెమరీ క్లినిక్ గురించి

బెంగళూరులో జయనగర్ వైపు ఉన్న ఈ ఆసుపత్రి నరాల విభాగంలో వారంలో కొన్ని రోజులు మెమరీ క్లినిక్ నడుస్తుంది. మతిమరుపుతోనో, ప్రవర్తనలో వచ్చిన మార్పుతోనో వచ్చే పెద్దవాళ్లను న్యూరాలజిస్టు, సైకియాట్రిస్టు ఒకే రోజు, ఒకే ఫైలుతో చూడడం ఇక్కడి పద్ధతి. హిందూపురంలో టీచరుగా పనిచేసి, రిటైరయ్యాక మా దగ్గరే ఉంటున్న మా అత్తగారికి వచ్చింది ప్రియాన్ జబ్బు అని ఇక్కడే తేలింది. ఆమె ఇప్పుడు లేరు. ప్రపంచంలో ఎక్కడా మందు లేని జబ్బు కనుక ఆమెను బతికించలేకపోయారన్న ఫిర్యాదు నాకు ఎవరి మీదా లేదు. ఈ క్లినిక్‌కు అయిదు స్టార్లలో నాలుగు ఇస్తున్నాను. ఆ నాలుగూ ఎందుకు ఇచ్చానో కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి తల్లిదండ్రులను వెంటబెట్టుకొని బెంగళూరుకు వచ్చే మన తెలుగువాళ్లకు ఈ జబ్బు తొలి లక్షణాల గురించి మన భాషలో చదువుకోవడానికి దొరికేది చాలా తక్కువ.

ప్రియాన్ అనేది బాక్టీరియా కాదు, వైరస్ కూడా కాదు. మెదడు కణాల్లో సహజంగా ఉండే ఒక ప్రొటీన్ మడత తప్పి, పక్కనున్న మంచి ప్రొటీన్‌ను కూడా తనలాగే మడత తప్పేలా చేస్తూ పోతుంది; అది పేరుకున్న చోటల్లా మెదడు సన్నని రంధ్రాలతో గుల్లబారుతుంది. ఈ సిద్ధాంతాన్ని 1982లో ముందుకు తెచ్చిన స్టాన్లీ ప్రుసినర్‌కు 1997లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషులకు వచ్చే ప్రియాన్ జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ వ్యాధి. డాక్టర్లు సీజేడీ అంటారు. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. వచ్చినవాళ్లలో సుమారు 85 శాతం మందికి ఎందుకు వచ్చిందో చెప్పడానికి కారణమే ఉండదు, 10 నుంచి 15 శాతం మందికి వంశపారంపర్యంగా జన్యువులో మార్పు ఉంటుంది, బయటి నుంచి సోకేది ఒక శాతం కూడా ఉండదు. ఎక్కువగా అరవై, డెబ్భై ఏళ్ల మధ్య మొదలవుతుంది, చాలామంది ఏడాది తిరక్కుండానే పోతారు.

మా ఇంట్లో ఇది దసరా తర్వాత దిగులుగా మొదలైంది. జీవితంలో ఎన్నడూ దిగులు మందు వాడని మనిషి, ఎవరింటి పెళ్లికైనా ముందు నిలబడి పని అందుకునే మనిషి, పగలంతా మంచం మీద కూర్చొని కారణం లేకుండా ఏడవడం మొదలుపెట్టారు. రాత్రి నిద్ర లేదు. ఒంట్లో ఓపిక లేదనీ, తల తేలిపోతున్నట్లుందనీ అనేవారు. తిండి తింటున్నా బరువు తగ్గారు. దీపావళి నాటికి వంటింట్లో ఎవరో కొత్తవాళ్లు తిరుగుతున్నారని నాతో గుసగుసగా చెప్పారు. ఎవరూ లేరని చూపిస్తే ఒప్పుకుని, మళ్లీ కాసేపటికి అదే మాట అన్నారు. ఇదంతా విన్నవాళ్లు ఎవరైనా మనసుకు సంబంధించిన జబ్బనే అనుకుంటారు. బంధువుల్లో కొందరు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. వాళ్లు ప్రేమతోనే చేశారు కాబట్టి మేమూ కాదనలేదు.

ఈ జబ్బు మానసిక లక్షణాలతో మొదలుకావడం అరుదు కాదన్న సంగతి మాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు 1976 నుంచి 2001 వరకు తమ దగ్గర చూసిన 126 మంది సీజేడీ రోగుల రికార్డులు తిరగేస్తే, 80 శాతం మందికి మొదటి వంద రోజుల్లోనే ఏదో ఒక మానసిక లక్షణం కనబడింది. నాలుగో వంతు మందికి పైగా అసలు జబ్బు బయటపడిందే ఆ లక్షణాలతో. నిద్ర పాడవడం, లేనిది ఉన్నట్లు కనిపించడం, వినిపించడం, దిగులు, వీటినే ఎక్కువగా చూశారు. మరి మామూలు డిప్రెషన్‌కూ దీనికీ తేడా ఎక్కడ తెలుస్తుంది? ఒకటి వేగంలో తెలుస్తుంది. అల్జైమర్స్ మతిమరుపు సంవత్సరాల మీద నడుస్తుంది, ఇది వారాల మీద నడుస్తుంది. పోయిన నెల బ్యాంకు పాస్‌బుక్కు లెక్క సరిచూసిన మనిషికి ఈ నెల అందులో ఏ కాగితం తిప్పాలో తెలియకపోవడం రిటైర్మెంట్ దిగులు కాదు. రెండోది, మనసు జబ్బులో ఉండకూడని ఒంటి లక్షణాలు పక్కన వచ్చి చేరడం.

అవి మా అత్తగారిలో ధనుర్మాసంలో కనిపించాయి. ఆమె మెలికల ముగ్గు వేస్తే వీధిలో వాళ్లు ఫోనులో ఫొటో తీసుకునేవారు. ఆ రోజు చుక్కలు వరుస తప్పకుండా పెట్టారు. గీత మొదలుపెట్టాక మాత్రం అది చుక్క చుట్టూ తిరగవలసిన చోట తిరగకుండా పక్కనుంచి పోయింది. చెరిపి మళ్లీ వేశారు, మళ్లీ అలాగే పోయింది. ఎడమవైపు సగం చుక్కలను అసలు ముట్టుకోనే లేదు, అవి అక్కడ ఉన్నాయన్న గమనిక కూడా ఆమెకు లేదు. అదే వారంలో కుక్కర్ విజిల్‌కు ఒళ్లంతా ఎగిరిపడి చేతిలోని కాఫీ గ్లాసు జారవిడిచారు. తర్వాత తర్వాత చప్పుడు లేకుండా కూడా ఎడమ చేతి వేళ్లు మాటిమాటికీ ఎగిరిపడేవి. నడకలో కాళ్లు ఎడంగా వేసి, గోడ పట్టుకొని నడిచేవారు. అప్పటికి మేము చూపిస్తున్న సైకియాట్రిస్టు (ఆయన పేరూ, ఆసుపత్రి పేరూ ఇక్కడ అనవసరం) తొలి నెలలో దిగులు మందు ఇచ్చినందుకు నాకు కోపం లేదు, ఆ దశలో ఎవరైనా అదే ఇస్తారు. కానీ ఆమె తూలి పడుతున్నారని చెప్పిన తర్వాత కూడా మోకాలి మీద సుత్తితో ఒక్కసారి తట్టి చూడకుండా, నాలుగు అడుగులు నడిపించి చూడకుండా, మందు డోసు పెంచి పంపడం మాత్రం నాకు ఈనాటికీ మింగుడుపడదు.

ఇక ఈ క్లినిక్ సంగతి. సంక్రాంతి దాటగానే ఇక్కడికి వచ్చాము. మొదట మాట్లాడింది చిత్తూరు వైపు అమ్మాయి, సైకాలజిస్టు. పేషెంటును కాకుండా ముందు మమ్మల్ని కూర్చోబెట్టి, దసరాకు ఆమె ఏమేమి చేయగలిగేవారు, దీపావళికి ఏమి తగ్గింది, సంక్రాంతికి ఏమి పోయింది అని పండగల వారీగా అడిగి ఒక కాగితం మీద గీతలా గీసుకుంటూ పోయారు. తేదీలు అడిగితే మేము తడబడేవాళ్లం. పండగలు అడిగేసరికి అంతా వరుసగా వచ్చింది. మా వారికి, నాకు వేర్వేరుగా గుర్తున్న సంగతులు ఆ గీత మీద ఒకచోట చేరేసరికి, మూడు నెలల్లో ఎంత దూరం జారిపోయారో మాకే అప్పుడు కంటికి కనిపించింది. ఆ తర్వాత ఆమెను లోపలికి పిలిచారు. ఇలాంటి పరీక్షల్లో మామూలుగా రెండు అయిదు మూలల బొమ్మలు ఇచ్చి చూసి గీయమంటారు. మేము ముగ్గు సంగతి చెప్పినందువల్ల ఆ అమ్మాయి దానితోపాటు నాలుగు చుక్కల చిన్న ముగ్గు కూడా గీసి ఇచ్చి, "అమ్మా, ఇది మీకు తెలిసిందే కదా, ఒకసారి కలపండి" అన్నారు. అత్తగారు పెన్సిలు పట్టుకొని చాలాసేపు చూసి కాగితం పక్కకు జరిపేశారు. న్యూరాలజిస్టు వచ్చి ఎడమ చెయ్యి ఎత్తమంటే, "అది నా చెయ్యి కాదు నాయనా, ఎవరిదో" అన్నారు. తన చెయ్యి తనది కాదనిపించడం కూడా ఈ జబ్బులో కనిపించే లక్షణమేనని తర్వాత ఆయనే చెప్పారు.

నేను ఈ క్లినిక్‌కు ఇచ్చిన స్టార్లలో సగం ఒక్క పనికే ఇస్తాను. మేము వేరేచోట తీయించిన ఎమ్మారై రిపోర్టులో "వయసుకు తగిన మార్పులు" అని ఉంది. ఇక్కడ రిపోర్టు చదివి ఊరుకోలేదు, ఫిల్ములు కూడా చాలవని సీడీ తెప్పించారు. డిఫ్యూజన్ అనే రకం బొమ్మలను తెరిచి, తెరను మా వైపు తిప్పి చూపించారు: మెదడు ముడతల అంచు వెంట, కుడివైపు ఎక్కువగా, తెల్లని పట్టీ ఒకటి మెరుస్తూ కనబడింది, లోపల కాడేట్ అనే భాగం కూడా తెల్లగా ఉంది. సీజేడీని పట్టించడంలో అన్నిటికంటే ముందుగా పనికివచ్చేవి ఈ డిఫ్యూజన్ బొమ్మలేననీ, తెలిసి చూసేవాళ్లకు పదింట తొమ్మిది కేసుల్లో ఇవి ఆధారం ఇస్తాయనీ, అయితే దేని కోసం చూడాలో అనుకోకుండా చూసేవాళ్ల కంటికి ఇది తరచుగా జారిపోతుందనీ చెప్పారు. కొత్తగా స్కాన్ తీయలేదు, డబ్బు తీసుకోలేదు. ఉన్న బొమ్మనే మళ్లీ చూశారు.

అయినా ఆ రోజు జబ్బు పేరు చెప్పలేదు. అది నాకు అప్పుడు దాటవేతలా అనిపించినా, కారణం విన్నాక గౌరవం పెరిగింది. ఇదే రకంగా వారాల్లో ముంచుకొచ్చే జబ్బుల్లో మందుకు లొంగేవి కొన్ని ఉన్నాయి, వాటిని పక్కకు తీసేయకుండా సీజేడీ అనే మాట నోటితో అనకూడదన్నారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే మెదడు మీద తిరగబడే ఆటోఇమ్యూన్ ఎన్‌కెఫలైటిస్ వాటిలో ముఖ్యమైనది. అందులో ఎల్‌జీఐ1 అనే రకం పెద్దవయసు వాళ్లకు వస్తుంది, ముఖమూ చెయ్యీ ఒకేసారి క్షణంపాటు కొట్టుకుంటాయి, రక్తంలో సోడియం తగ్గుతుంది, చూడడానికి అచ్చం సీజేడీలా ఉంటుంది. కానీ స్టెరాయిడ్లతో తేరుకుంటారు. థైరాయిడ్‌తో ముడిపడిన మెదడు వాపు, విటమిన్ బి12 గానీ బి1 గానీ తగ్గడం, సిఫిలిస్, మెదడు లింఫోమా అనే క్యాన్సర్, మనసు జబ్బుకు వాడే లిథియం మాత్రల విషప్రభావం, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూసి తీసేశారు. మందు లేని జబ్బును త్వరగా కనిపెట్టి ఏం లాభమని మా మరిది అడిగారు. పోల్చుకోకుండా వదిలేస్తే నష్టపోయేది ఈ నయమయ్యే జబ్బులవాళ్లేనని డాక్టరు చెప్పిన జవాబు నేను మరచిపోలేను. ఎవరి ఇంట్లోనైనా పెద్దవాళ్లు ఇలా వారాల్లో మారిపోతుంటే, అది ప్రియాన్ అయి ఉండే అవకాశం చాలా తక్కువ. మందు ఉన్న మరొకటి అయి ఉండవచ్చు. అందుకే ఆలస్యం చేయకూడదు.

మెదడులోని విద్యుత్ తరంగాలను గీసి చూపే ఈఈజీ పరీక్షలో సెకనుకు దాదాపు ఒకటి చొప్పున పదునైన తరంగాలు క్రమం తప్పకుండా వచ్చాయి. అందరిలోనూ రావు, వచ్చినా తొలిదశలో రాకపోవచ్చు, కాబట్టి ఈఈజీ మామూలుగా ఉందంటే జబ్బు లేదని కాదట. నడుము దగ్గర సూదితో వెన్ను నీరు తీసి 14-3-3 అనే ప్రొటీన్ చూశారు. అది మెదడు కణాలు వేగంగా దెబ్బతింటున్నాయని మాత్రమే చెబుతుంది. ఆ నీటిలోనే మడత తప్పిన ప్రొటీన్‌ను నేరుగా పట్టుకునే ఆర్‌టీ-క్విక్ అనే పరీక్ష ఉంది. పాజిటివ్ వస్తే దాదాపు పొరపాటు ఉండదు, కానీ అన్ని లేబొరేటరీల్లోనూ చేయరు. ఇవన్నీ కలిపి చూసి "సీజేడీ అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ" అని రాసి ఇచ్చారు. ఖాయంగా చెప్పాలంటే మెదడు కణజాలాన్ని మైక్రోస్కోపు కింద చూడాలి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అనే మానసిక, నరాల వైద్య సంస్థలో 1995 నుంచి మెదడు కణజాల బ్యాంకు ఉందనీ, మరణానంతరం దానం చేయదలిస్తే మాట్లాడి పెడతామనీ చెప్పారు. మా ఇంటి పెద్దలు ఒప్పుకోలేదు, వీళ్లు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అందరికీ మా అత్తగారిలాగే మొదలవుతుందని అనుకోకూడదని కూడా ఇక్కడ ఓపికగా చెప్పారు. కొందరికి చూపుతో మొదలవుతుంది: రంగులు మారి కనిపిస్తాయి, వస్తువులు వంకరపోయినట్లు ఉంటాయి, అక్షరాలు కలిసిపోతాయి, కంటి డాక్టరు చూస్తే కన్ను బాగానే ఉంటుంది, ఎందుకంటే పాడయింది చూపును అర్థం చేసుకునే మెదడు వెనుక భాగం. దీన్ని హైడెన్‌హైన్ రకం అంటారు. శుక్లాల ఆపరేషన్ దాకా వెళ్లిన తర్వాత బయటపడిన వాళ్లూ ఉన్నారు. కొందరికి మాట ముద్దగా రావడం, తూలడం ముందు వచ్చి, మతి తర్వాత పోతుంది. ఫేటల్ ఫెమిలియల్ ఇన్‌సోమ్నియా అనే వంశపారంపర్య రకంలో నిద్రే పూర్తిగా తప్పిపోతుంది, చెమటలు, గుండె దడ, బీపీ పెరగడం దానితోపాటే వస్తాయి. ఇక 1996లో బ్రిటన్‌లో బయటపడిన, పశువుల జబ్బు మాంసం ద్వారా మనుషులకు చేరిన రకం వేరు: అది ఎక్కువగా ఇరవైలు, ముప్ఫైలలో ఉన్నవాళ్లకు వచ్చింది, దిగులు, ఆందోళన, ఎవరితోనూ కలవకపోవడం నెలల తరబడి ముందు నడిచాయి, కాళ్లూ ముఖమూ చెప్పలేనంత నొప్పి పుట్టేవి, నరాల లక్షణాలు ఆ తర్వాతే వచ్చాయి. ఆ పిల్లల్లో చాలామంది మొదట సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లారు. మనసు డాక్టరు, నరాల డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఎంత అవసరమో ఆ ఒక్క ఉదాహరణ చాలు.

జబ్బు పేరు చెప్పిన రోజు గదిలో తలుపు వేసి, ఫోన్లు పక్కన పెట్టి, ముప్పావుగంట మాతో కూర్చున్నారు. కొన్ని నెలలే అన్న మాట దాచలేదు. మాట పూర్తిగా ఆగిపోతుందని, కళ్లు తెరిచి ఉన్నా కదలిక ఉండదని, మింగడం కష్టమవుతుందని, ముక్కు గొట్టం పెట్టాలా వద్దా అన్నది మేమే ముందుగా ఆలోచించుకోవాలని చెప్పారు. మిగతా రోజులు ఐసీయూలో కాకుండా ఇంట్లో గడిపే వీలు ఆ మాట వల్లనే కలిగింది. ఎగిరిపాట్లు తగ్గడానికి క్లోనజెపామ్ ఇచ్చారు, తగ్గాయి కూడా. వంశపారంపర్యం సంగతి మా వారు అడిగితే, తలిదండ్రుల వైపు ఇలాంటివి ఉన్నాయా అని అడిగి, జన్యు పరీక్ష ఉందనీ, అయితే దాని ఫలితంతో బతకవలసింది పిల్లలు కనుక కౌన్సెలింగ్ లేకుండా చేయబోమనీ చెప్పారు. ఉగాది నాటికి ఆమె మాట ఆగిపోయింది. ఆషాఢంలో ఇంట్లోనే కన్నుమూశారు.

అయిదో స్టారు ఇవ్వకపోవడానికి కారణాలు ఉన్నాయి. వెన్ను నీటి పరీక్ష కోసం వార్డులో ఉన్నప్పుడు, ఎవరి నోటో జబ్బు పేరు విన్న ఒక ఆయా భోజనం ప్లేటు తీయడానికి గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పక్క పేషెంటు వాళ్లు మంచం మార్చమని గొడవ చేశారు. ముట్టుకుంటేనో, పక్కన కూర్చుంటేనో, కలిసి భోంచేస్తేనో, తుమ్మితేనో ఈ జబ్బు అంటదు. జాగ్రత్త కావలసింది మెదడు, వెన్నుపాము, కన్ను తాకిన శస్త్రచికిత్స పరికరాల విషయంలో, ఎందుకంటే మామూలుగా క్రిములను చంపే వేడికి ప్రియాన్లు చావవు. అవయవదానం, రక్తదానం, నేత్రదానం కూడా కుదరవు. డాక్టరుగారు తెలిసిన వెంటనే వచ్చి, అందరి ముందూ అత్తగారి చెయ్యి పట్టుకొని మాట్లాడారు, ఆ తర్వాత వార్డు సిబ్బంది తీరు మారింది. కానీ ఆ మాట సిబ్బందికి ముందే తెలిసి ఉండాలి. దహన సంస్కారాలు మామూలుగానే చేసుకోవచ్చని, స్నానం చేయించవచ్చని వీళ్లు ముందుగా చెప్పి ఉంచినందువల్ల ఆఖరి రోజు బంధువులు దూరంగా నిలబడలేదు. దానికి మాత్రం కృతజ్ఞతలు.

బిల్లింగ్ కౌంటరులో ఏ పరీక్షకు ఎంతో చెప్పకుండానే అడ్వాన్సు కట్టమంటారు, అడిగితే విసుక్కుంటారు. ఇంట్లో పడకన ఉన్న మనిషిని ఎలా పక్కకు తిప్పాలి, చిక్కటి ద్రవం ఎలా తాగించాలి, పుండ్లు పడకుండా ఏం చేయాలి అనే కరపత్రం కన్నడలో, ఇంగ్లిషులో మాత్రమే ఉంది. ఇక్కడికి వచ్చే పేషెంట్లలో తెలుగువాళ్లు ఎంతమందో రిజిస్ట్రేషన్ వరుసలో నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది, కాబట్టి తెలుగు ప్రతి ఒకటి తప్పకుండా ఉండాలి. ఆ మాట ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసి, తర్జుమా చేసి ఇస్తానని నా నంబరు కూడా ఇచ్చాను.

వచ్చేవాళ్లు ఎమ్మారై సీడీ తప్పకుండా తెచ్చుకోండి. చెయ్యి ఎగిరిపడడం, తూలడం ఇంట్లో కనిపించినప్పుడు ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి, డాక్టరు ముందు అవి ఆ క్షణాన కనిపించకపోవచ్చు. వాడుతున్న మందులన్నీ, నాటువైద్యం మందులతో సహా, సంచిలో వేసుకొని రండి. పేషెంటుతో రోజంతా ఉండే మనిషి, అది కోడలైనా పనిమనిషైనా, వెంట ఉండాలి. ఉదయం తొందరగా వస్తే సైకాలజిస్టు, ఇద్దరు డాక్టర్లు అదే రోజు చూస్తారు. పదకొండు దాటి వస్తే సైకియాట్రిస్టు కోసం మరో రోజు రావలసి ఉంటుంది.